లైసెన్సు తేదీ నాకు ముందే తెలుసు

బండి నడిపేవాళ్ళెవరైనా ఉంటే ముందు మీ లైసెన్సు తీసి, దాని మీద ఆఖరి తేదీ ఏముందో చూసుకుని రండి. తర్వాత ఇది చదవండి. చూసిపెట్టమని మాత్రం నా చేతికివ్వకండి. చూస్తాను. చూసింది చెబుతానన్న నమ్మకం నాకే లేదు.

నాకు బండి నడపడం రాదు. సైకిలు కూడా ఎక్కి ఎరగను. అయినా మొన్న గడువు తీరిన లైసెన్సుతో నడిరోడ్డు మీద దొరికిపోయినప్పుడు పోలీసాయన, కారు నడిపే నా కూతురు, నా ఒళ్ళో ఉన్న పదినెలల మనవడు, ముగ్గురూ నా వంకే చూశారు. ఎందుకు చూశారో చెప్పాలంటే పాలడబ్బా దగ్గర మొదలుపెట్టాలి.

నా పేరు మార్తమ్మ. మాది కృష్ణా జిల్లా. మా ఊరి మిషన్ ఆసుపత్రిలో ముప్పయ్యేళ్ళు ఆయాగా చేశాను. మందుసీసాల్ని రంగుని బట్టి గుర్తుపట్టేదాన్ని. యాభై రెండేళ్ళు వచ్చాక, చర్చిలో ఆడవాళ్ళకి చదువు చెబుతున్నారంటే సిగ్గుపడుతూ వెళ్ళి అఆలు దిద్దుకున్నాను. నా కూతురు కరుణ నర్సు. పదేళ్ళ పైనే అయింది ఒమన్ వచ్చి. ఇబ్రాలో ఆసుపత్రిలో డ్యూటీ. అల్లుడిది ఎడారి లోపల ఆయిల్ కంపెనీ క్యాంపు. ఆరు వారాలకోసారి ఇంటికొస్తాడు. బాబు పుట్టాక వాణ్ణి చూసుకోవడానికి నన్ను పిలిపించారు.

వచ్చిన వారంలోనే కరుణ పాలడబ్బా బోర్లించి అడుగున అంకెలు చూపించింది. ఈ, ఎక్స్, పి అని మూడు ఇంగ్లీషు అక్షరాలుంటాయి, పక్కన తేదీ ఉంటుంది, ఆ తేదీ దాటితే బాబుకి పట్టకు అంది. నేను నేర్చుకున్న మొదటి ఇంగ్లీషు అక్షరాలు అవే. మిగతావి డబ్బాల మీద చూసి చూసి నాకు నేనే పోగుచేసుకున్నాను.

పొద్దున ఆరున్నరకి కరుణ వెళ్ళిపోతే మళ్ళీ మూడున్నరకే. ఇంట్లో నేనూ బాబూ. వాడికింకా మాటలు రావు. టీవీ పెడితే అరబ్బీ. పక్కింటి తలుపు ఎప్పుడూ మూసే ఉంటుంది. కిటికీలోంచి చూస్తే నీళ్ళ ట్యాంకులు, వాటి వెనక చెట్టన్నది లేని కొండ. ఇంకేం చేస్తాను, తేదీలు చదువుకునేదాన్ని. పెరుగు, రొట్టె, టూత్‌పేస్టు, తలనొప్పి మాత్రలు. ఇల్లంతా తిరిగి ఒక్కోదాన్నీ తిప్పి చూసి మళ్ళీ పెట్టేదాన్ని. ఎవరెన్నాళ్ళు ఉంటారో అవి నాకు చెప్పేవి. ఆ ఇంట్లో పగటిపూట నాకు ఏదన్నా చెప్పేవి అవే.

ఇక శుక్రవారం. ఇక్కడ ఆరోజే సెలవు, ఆరోజే ప్రార్థన. నెలలో రెండు శుక్రవారాలు కరుణ నన్నూ బాబునీ కార్లో ఎక్కించుకుని, రెండు గంటలు నడిపి, మస్కట్‌లో తెలుగు ప్రార్థనకి తీసుకెళ్తుంది. నేను ఆ రెండు రోజుల కోసం మిగతా రోజులు గడిపేదాన్ని. పాస్టరుగారు వింటే ఏమనుకుంటారో గానీ, నేను వెళ్ళేది సగం దేవుడి కోసం, సగం ఓబులమ్మ కోసం.

ఓబులమ్మది కడప వైపు. మస్కట్‌లో ఒక పెద్దింట్లో పదకొండేళ్ళుగా పని చేస్తోంది. నెలకొక్క శుక్రవారం ఒక్కపూట సెలవు. ఆమెకి ప్రార్థనతో పనిలేదు. తెలుగు వినడానికి వస్తుంది. వెనక గోడకి ఆనుకుని కూర్చుని, అందరూ టీలకి లేచాక నా దగ్గరకొచ్చి జాకెట్‌లోంచి ఉత్తరం తీస్తుంది. ఊళ్ళో ఉన్న కూతురు రాసినది. ఓబులమ్మకి అక్షరం రాదు. వేరేవాళ్ళు గబగబా చదివి చేతిలో పెట్టేస్తారట. నేను గబగబా చదవలేను. వేలు పెట్టుకుని, కూడబలుక్కుంటూ, ఒక్కో మాటా. నేను ఒక వరస చదివేసరికి ఆమె టీ అయిపోతుంది. ఆమెకి అదే ఇష్టం.

"నువ్వు సదువుతాంటే నా బిడ్డ ఎదురుగా కూసోని చెప్పినట్టే ఉంటాది మార్తమ్మక్కా" అనేది.

నన్ను చదువుకున్నదానిగా లెక్కేసిన మనిషి ఈ భూమ్మీద ఆమె ఒక్కతే.

అంతకు ముందు నెల కలిసినప్పుడు, తను ఇక పూర్తిగా ఇంటికి వెళ్ళిపోతున్నానని చెప్పింది. వచ్చే నెల తన సెలవు శుక్రవారం ఆఖరిసారి కలుస్తానంది. ఆ మర్నాడు శనివారం సాయంత్రం విమానం. కడాకరి ఉత్తరం కూడా నువ్వే సదవాల అంది. తప్పకుండా వస్తానన్నాను.

ఆ శుక్రవారం ఇంకా మూడు రోజులుందనగా, మంగళవారం సాయంత్రం, కరుణ డ్యూటీ నుంచి వచ్చి అలాగే మంచం మీద ఒరిగింది. బాబు పాక్కుంటూ వెళ్ళి ఆమె హ్యాండ్‌బ్యాగ్ కిందకి లాగి, అందులోంచి ఒక కార్డు తీసి చప్పరిస్తున్నాడు. లాక్కుని చీరకొంగుతో తుడిచాను. అలవాటు కొద్దీ తిప్పి చూశాను.

లైసెన్సు. దాని మీద కరుణ ఫొటో, పదేళ్ళ కిందటిది. రెండు చెంపలూ నిండుగా, కొత్త దేశంలో ఎవరో తిడతారేమోనన్నట్టు చూస్తోంది. కాసేపు ఆ చెంపల్నే చూశాను. తర్వాత చూస్తే, పక్కన నాకు తెలిసిన ఆ మూడక్షరాలు. వాటి ఎదురుగా తేదీ.

బాబుని చంకనేసుకుని క్యాలెండరు దగ్గరికెళ్ళి గళ్ళు లెక్కపెట్టాను. రెండుసార్లు. దాటిపోయి పదిహేను రోజులైంది. పాలైతే పారబోసేదాన్ని.

పదేళ్ళకోసారి వచ్చే తేదీ, ఎవరికి గుర్తుంటుంది? పెరుగు గురించి రోజూ నాకు జాగ్రత్తలు చెప్పే పిల్ల తన బ్యాగులో ఉన్నదాన్ని మర్చిపోయింది. లేపి చెబుదామని మంచం దాకా వెళ్ళాను. వెళ్ళి, అక్కడే నిలబడిపోయాను.

నా కూతురి సంగతి నాకు తెలుసు. ఎదురుగా ఒక్క బండి లేకపోయినా ఎర్రలైటు దగ్గర ఆగి కూర్చునే మనిషి. చెప్పానంటే కారు తాళం మేకుకి తగిలిస్తుంది, కొత్త కార్డు వచ్చేదాకా తీయదు. ఆసుపత్రి నాలుగడుగులు, ఆమెకి కారు లేకపోయినా గడుస్తుంది. ఆగిపోయేది నా శుక్రవారమే.

కొత్త కార్డు రావడానికి ఎన్నాళ్ళు పడుతుంది? నాకు తెలిసిన లెక్క ఒకటే ఉంది. మా ఊళ్ళో రేషన్ కార్డులో మా ఆయన పేరుకి బదులు మా మరిది పేరు పడింది. దాన్ని దిద్దించడానికి ఎనిమిది నెలలు తిరిగాను. కాగితం రెండుసార్లు పోయింది. సంతకం పెట్టాల్సినాయన ఒకసారి బదిలీ అయ్యాడు, ఒకసారి పెళ్ళి చేసుకున్నాడు. ఆఖరికి పేరు సరిగ్గానే వేసి, మా ఆయన వయసు తొమ్మిదేళ్ళని రాశారు. బియ్యం కార్డుకే ఎనిమిది నెలలు పడితే, ఈ దేశపు కత్తుల ముద్ర ఉన్న ఇంత నున్నటి కార్డుకి ఇంకెంత పట్టాలి? ఓబులమ్మ విమానం ఎక్కి, దిగి, మనవలకి పెళ్ళిళ్ళు చేస్తుంది.

పదిహేను రోజులు ఏమీ కానిది ఇంకో మూడు రోజులకి ఏమవుతుందిలే అనుకున్నాను. ఒక్కరోజు దాటిన పెరుగుని పారబోసే మనిషిని. శుక్రవారం వెళ్ళొచ్చి, ఆ సాయంత్రమే చెప్పేద్దామని కార్డుని మళ్ళీ తుడిచి, బ్యాగులో దాని అరలో పెట్టేశాను. బాబు చూశాడు గానీ, వాడికి మాటలు రావు కదా.

ఆ తర్వాత రెండు రోజులూ తేదీలు చదవలేదు. చదవబుద్ధి కాలేదు. కానీ లెక్క మాత్రం దానంతటదే నడిచింది. బుధవారానికి పదహారు, గురువారానికి పదిహేడు.

శుక్రవారం పొద్దున బయల్దేరాం. నేనూ బాబూ వెనక సీట్లో. నెమ్మదిగా పోవే అన్నాను. ఇబ్రా దాటకముందే మూడుసార్లు అన్నాను. కరుణ అద్దంలోంచి నన్ను చూసి, "అరవైలో పోతున్నానమ్మా, వెనక నీళ్ళ లారీవాడు హారన్ కొడుతున్నాడు" అంది. ఒంట్లో బాగాలేదా అని కూడా అడిగింది. బాగానే ఉందన్నాను. నిజానికి రోడ్డు పక్కన తెల్లబండి కనపడినప్పుడల్లా ప్రార్థన చేసుకుంటున్నాను. లైసెన్సు మీద తేదీ అద్దంలోంచి బయటికి కనపడుతుందని నాకు అనుమానం.

సగం దారి దాటాం. బిద్‌బిద్ దగ్గర కొండమలుపు తిరగగానే ఎదురుగా పోలీసు జీపులు రెండు. ఒకాయన రోడ్డు మధ్యలో నిలబడి, వచ్చిన బండినల్లా పొమ్మని చెయ్యి ఊపుతున్నాడు. ఎవర్నీ ఆపడం లేదు. మా ముందు నాలుగు బండ్లు వెళ్ళిపోయాయి. మేమూ వెళ్ళిపోయేవాళ్ళమే.

నేను చేసిన పని చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. సీట్లో కిందకి జారి, బాబు దుప్పటి తీసి నా తల మీద నుంచి కప్పేసుకున్నాను. బాబుతో సహా.

నాకు అది ప్రాణభయం. వాడికి దాగుడుమూతలు. రోజూ ఆ దుప్పటితోనే ఆడతాం మరి. లోపలి నుంచి కిలకిలా నవ్వుతూ దుప్పటి లాగుతాడు, నేను మళ్ళీ కప్పుతాను. వాడు కాళ్ళతో తంతాడు, నేను వాడి కాళ్ళు పట్టుకుంటాను. బయటి నుంచి చూసేవాడికి వెనక సీట్లో ఒక మూట కొట్టుకుంటూ కనపడి ఉంటుంది. పొమ్మని ఊపుతున్న చెయ్యి ఆగిపోయింది.

అద్దం మీద టక్‌టక్‌మని కొట్టారు. దుప్పటి తీశాను. జుట్టంతా రేగి, కళ్ళజోడు ఒక చెవికి వేలాడుతూ ఉన్నాను. బాబు ఆ పోలీసాయన్ని చూసి చప్పట్లు కొట్టాడు.

ఇళ్ళల్లోంచి పారిపోయిన పనివాళ్ళని ఇలా ముసుగులేసి దాటిస్తుంటారట. ఆయన అదే అనుకున్నాడు. హిందీలో కరుణని అడిగాడు, ఈమె ఎవరు, ఎందుకు దాక్కుంది అని. మా అమ్మండీ, ఎందుకు దాక్కుందో నాకూ తెలీదండీ అంది కరుణ. నా పాస్‌పోర్టు అడిగాడు. ఇచ్చాను. వీసా చూసి తలూపి తిరిగిచ్చాడు. నా కాగితం సరిగ్గా ఉందని నాకు కొంచెం గర్వంగా కూడా అనిపించింది. అక్కడితో పంపించేస్తాడనుకున్నాను. ఎలాగూ ఆపాడు కదా, లైసెన్సు కూడా చూపించమన్నాడు.

కరుణ చాలా ధీమాగా తీసి ఇచ్చింది.

ఆయన దాన్ని చూశాడు. మళ్ళీ చూశాడు. ఇది అయిపోయింది సిస్టర్ అన్నాడు. ఉండదు సార్, సరిగ్గా చూడండి అంది కరుణ. ఆయన కార్డు ఆమె వైపు తిప్పి, ఎన్నాళ్ళయిందో చూద్దామని తన వేళ్ళు మడవడం మొదలుపెట్టాడు.

"పద్దెనిమిది రోజులు" అన్నాను నేను.

తెలుగులోనే అన్నాను, ఆయనకి అర్థం కాకూడదు. కానీ చేతులు ఊరుకోలేదు. ముందు పది వేళ్ళు, తర్వాత ఎనిమిది చూపించానట. అప్పుడే ముగ్గురూ నా వంక చూసింది.

"నీకెలా తెలుసమ్మా?" అంది కరుణ.

ఆయనకి ఇంకేమీ చెప్పనక్కరలేకపోయింది. నవ్వు ఆపుకోలేక పక్కకి తిరిగాడు. మాతాజీకి లెక్కలు బాగా వచ్చునే అన్నాడు. నవ్వాడు గానీ విడిచిపెట్టలేదు. జరిమానా రాశాడు. ఈ కార్డుతో ఇక ఒక్క అడుగు కూడా నడపకూడదు, ఎవరైనా లైసెన్సున్నవాళ్ళని పిలిపించుకో అని, పక్కనే ఉన్న పెట్రోల్ బంకు దాకా తనే కారు నడిపి పెట్టాడు. ఇబ్రా ఆఫీసు శనివారం కూడా పొద్దున తెరుస్తారు, వెళ్ళి చేయించుకో అన్నాడు.

కరుణ తనతో పనిచేసే లిసీ సిస్టర్‌కి ఫోన్ చేసింది. వాళ్ళాయన ఇంకొకర్ని తోడు తీసుకుని ఇబ్రా నుంచి వచ్చి, మా కారుని ఇంటికి నడపాలి. గంటన్నర పైనే. బంకు పక్కన చిన్న టీకొట్టులో కూర్చున్నాం. పాలూ ఏలకులూ వేసిన టీ రెండు గ్లాసులు తెచ్చి పెట్టాడు. తాగలేదు ఇద్దరం. రోడ్డు మీద మస్కట్ వైపు బండ్లు పోతున్నాయి. ఈపాటికి ఓబులమ్మ గోడకి ఆనుకుని కూర్చుని గేటు వంక చూస్తూ ఉంటుంది.

కరుణ జరిమానా కాగితాన్ని మడిచి, విప్పి, మళ్ళీ మడిచింది. తిట్టినా బాగుండేది. తర్వాత నెమ్మదిగా అడిగింది, ఎప్పుడు చూశావని. మంగళవారం అన్నాను. ఎందుకు చెప్పలేదంది. రేషన్ కార్డు సంగతి చెప్పాను. ఎనిమిది నెలలు చెప్పాను, మా ఆయన తొమ్మిదేళ్ళ వయసూ చెప్పాను. ఓబులమ్మ వెళ్ళిపోతోందని, ఉత్తరం చదవాలని చెప్పాను.

ఆమె నా మొహంలోకి చూసింది. ఆ చూపు ఫొటోలో చూపులాగే ఉంది.

"అమ్మా, లైసెన్సు రెన్యువల్ అరగంట పని. మంగళవారం చెప్పుంటే బుధవారం పొద్దున చేయించుకుని, ఇవాళ నిన్ను తీసుకెళ్ళేదాన్ని."

అరగంట అంటే నాకు ముందు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పమన్నాను. మళ్ళీ చెప్పింది.

అప్పుడు టీ తాగాను. చల్లారి మీగడ కట్టింది. నా శుక్రవారాన్ని కాపాడుకోవడానికి దాచాను, దాచడం వల్లే పోగొట్టుకున్నాను. ఇంత తెలివి చదువు రానప్పుడు ఉండేది కాదు.

కాసేపయ్యాక కరుణ వేరే మాట అడిగింది. నేను డ్యూటీకి వెళ్ళాక రోజంతా ఎవరితో మాట్లాడతావమ్మా అని.

"బాబుతో."

"వాడేమంటాడు?"

"వాడు మంచివాడే. వింటాడు."

కరుణ గ్లాసు పక్కకి జరిపింది. తర్వాత లేచి, కొంచెం దూరం వెళ్ళి, ఎవరెవరికో ఫోన్లు చేసింది. పాస్టరమ్మగారికి చేసిన సంగతి తర్వాత తెలిసింది. ఆవిడ చెప్పిందట, ఓబులమ్మ ఒంటిగంట దాకా గేటు దగ్గర ఎండలో నిలబడి, వాళ్ళింటి డ్రైవరు వచ్చి హారన్ కొడితే వెళ్ళిపోయిందని. ఇంకో ఫోను ఆసుపత్రికి, శనివారం డ్యూటీ మార్చుకోవడానికి.

శనివారం పొద్దున ట్యాక్సీలో పోలీసాఫీసుకి వెళ్ళాం, ఇక్కడ లైసెన్సులిచ్చేదీ పోలీసులే. బాబుని ఎత్తుకోవడానికి నన్నూ రమ్మంది. ఆఫీసుకి వెళ్ళడమెలాగో నాకు తెలుసు కదా, తయారై వెళ్ళాను. పెద్ద సంచీలో మధ్యాహ్నానికి పెరుగన్నం డబ్బా, ఫ్లాస్కులో వేణ్ణీళ్ళు, పాలపొడి, బాబుకి నాలుగు జతలు, కింద పరుచుకోవడానికి దుప్పటి. అదే దుప్పటి. కరుణ సంచీ వంక ఒకసారి, నా వంక ఒకసారి చూసింది.

లోపల చల్లగా, శుభ్రంగా, ఎవరూ అరవకుండా ఉంది. అది చూసి ఇవాళ సెలవేమోనని భయపడ్డాను. కరుణ ఫారం నింపింది, జరిమానా కట్టింది. తర్వాత కళ్ళ పరీక్ష. గోడ మీద ఇంగ్లీషు అక్షరాల పలక. పైన పెద్దవి, కిందకి పోను పోను చిన్నవి. కరుణ ఒక కన్ను మూసుకుని నిలబడింది. నేను వెనక బెంచీ మీద కూర్చున్నాను. దగ్గరివైతే నాకు కళ్ళజోడు కావాలి గానీ దూరానివి గద్దకళ్ళకి కనపడ్డట్టు కనపడతాయి.

పై వరసలు కరుణ చదివింది. కింది వరస దగ్గర ఒక్క క్షణం ఆగింది. రాత్రంతా బాబు నిద్రపోనివ్వలేదు, పాపం కళ్ళు మండుతున్నాయి. నా బిడ్డ ఆగిపోయిందే అనిపించింది. అంతే, నాకు తెలీకుండానే చదివేశాను. ఒక్కో అక్షరం, గట్టిగా, బడిలో పలికినట్టు. ఆ వరసే కాదు, దాని కిందిది కూడా.

గది మొత్తం వెనక్కి తిరిగింది. ఎవరికి పరీక్ష అనడిగాడు ఆఫీసరు. నాకు కాదన్నట్టు తల అడ్డంగా ఊపాను. ఆయన చాలా మర్యాదగా లేచి వచ్చి, తలుపు తెరిచి, నన్నూ బాబునీ సంచీనీ వరండాలో కూర్చోబెట్టాడు. లోపల పలక మార్చి కరుణకి మళ్ళీ మొదటి నుంచి పరీక్ష పెట్టారట. నా వల్ల ఇంకో అయిదు నిమిషాలు పట్టింది.

అయినా మొత్తం అరగంటే. కరుణ బయటికొచ్చి కొత్త కార్డు నా చేతిలో పెట్టింది. ఇంకా వేడిగా ఉంది. ఈ ఫొటోలో చెంపలు లేవు. తేదీ చూశాను, పదేళ్ళుంది. పెరుగన్నం డబ్బా మూత తీయనే లేదు.

ట్యాక్సీలో ఇంటికొచ్చి కారు తీసింది. ఎక్కమ్మా, విమానం సాయంత్రం కదా అంది.

పెరుగన్నం దారిలో తిన్నాం. బిద్‌బిద్ దగ్గర జీపులు లేవు. ఉంటే బాగుండునని కరుణ, వద్దని నేను.

విమానాశ్రయం తలుపు బయట ఓబులమ్మ దొరికింది. పెద్ద పెట్టెకి తాడు కట్టి, దాని మీద కూర్చుని ఉంది. వాళ్ళింటి డ్రైవరు టికెట్టు పట్టుకుని పక్కనే నిలబడ్డాడు. నన్ను చూసి ఓబులమ్మ లేవలేదు. కరుణ జరిగిందంతా చెప్పింది. దుప్పటితో సహా. ఓబులమ్మ అంతా విని, అప్పుడు నవ్వింది.

"ఏమక్కా, సదువొచ్చినాంక నీకు దొంగతనాలు గూడా వచ్చినాయే."

ఉత్తరం తీసింది. పెట్టె మీద చెరో పక్క కూర్చుని, వేలు పెట్టుకుని చదవడం మొదలుపెట్టాను. బాగున్నావా అమ్మా, ఇక్కడ అందరం బాగున్నాం. రెండో పేజీకి వచ్చేసరికి డ్రైవరు గడియారం చూపించాడు. సగమే అయింది. నేను గబగబా చదవాలని చూశాను, మాటలు ఒకదాని మీద ఒకటి పడిపోయాయి. ఓబులమ్మ నా చేతి మీద చెయ్యేసింది.

"ఇడిసిపెట్టక్కా. మిగిలింది రేపు దాన్నే అడుగుతాలే."

ఉత్తరం మడిచి జాకెట్‌లో పెట్టుకుంది. కవరు మాత్రం నాకిచ్చింది, దాని వెనక మా ఊరి పేరు ఉంటాది, ఉంచుకో అని. తలుపు దానంతటదే తెరుచుకుంది, మూసుకుంది. ఇంకొంచెంసేపు నిలబడ్డాం. ఆమెకి తిరిగి చూసే వీలు లేదు, తాడు కట్టిన పెట్టె తోసుకోవాలి కదా.

ఆ తర్వాత వచ్చిన శుక్రవారం ప్రార్థనకి వెళ్ళాను. టీల వేళకి వెనక గోడ దగ్గర ఎవరూ లేరు. నేనే వెళ్ళి ఆనుకుని కూర్చున్నాను.

ఇక ఇంట్లో తేదీలన్నీ నా బాధ్యత అని కరుణ తేల్చేసింది. చూసినవి చూసినట్టు రాసి ఫ్రిజ్‌కి అంటించాలి, దాచకూడదు. ఇది మీకందరికీ రాయమన్నదీ ఆమే, అదే నా జరిమానా అట. సరేనని ముందు తేదీల పట్టీ కోసం తెల్లకాగితం మీద గీతలు కొట్టుకుని, రెండు రోజులు కూర్చుని రాశాను. లైసెన్సు, పదేళ్ళు. కారు కాగితం. కరుణ పాస్‌పోర్టు. అల్లుడి పాస్‌పోర్టు. బాబు టీకాలు. గ్యాసు. పాలడబ్బా. ఆవకాయ, దానికి తేదీ లేదు.

మొన్న డ్యూటీ నుంచి వచ్చి ఫ్రిజ్ ముందు నిలబడి కరుణ పైనుంచి కింది దాకా చదివింది. బాగా రాశావమ్మా అంది. మళ్ళీ పైనుంచి చదివింది.

"ఇందులో నీ వీసా ఏది?"

"అది సన్నక్షరాలే. కనపడలా."

"పోలీసాఫీసులో పలకంతా చదివినదానివి."

నేను బాబు మూతి తుడుస్తున్నాను. అది అప్పటికే తుడిచిన మూతి. ఆ తేదీ రాస్తే ఆ రోజు వచ్చేస్తుందని, రాయకపోతే ఎవరికీ గుర్తురాదని, మళ్ళీ అదే తెలివి. నా కూతురు నన్ను పంపించేస్తుందని కాదు. పొడిగించడం కూడా అరగంట పనేనేమో. నాకింకా ఎనిమిది నెలల భయం పోలేదు.

కరుణ పెన్ను తీసుకుని కాగితం పైన, అన్నిటికంటే ముందు, అమ్మ అని రాసింది. నా వంక చూడకుండానే అడిగింది.

"ఇంకా ఎన్నాళ్ళుంది?"

"యాభై మూడు రోజులు" అన్నాను. వేళ్ళు కూడా చూపించానట.